సుగుణ వదిన నలుపు తెలుపు ఫోటో

నాకు ఫోటోల పిచ్చి పట్టించింది మా మనవరాలు వినీల. బందరులో నర్సుగా పనిచేస్తోంది. నేనూ మా ఆవిడ ప్రభావతీ దాని దగ్గరే ఉంటున్నాం. తను కొత్త ఫోను కొనుక్కుని పాతది నాకిచ్చింది. అప్పటి నుంచి వీలైనప్పుడల్లా బస్సెక్కి ఎటో ఒక వైపు వెళ్తాను. ఘంటసాల, మంగినపూడి, హంసలదీవి. ఫోటోలు తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడతాను.

"తాతయ్యా, కింద రెండు ముక్కలు రాయి. తీసేటప్పుడు నీకేమనిపించిందో అది రాయి," అంటుంది వినీల.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మాట్లాడటమే తక్కువ, ఇక రాయడమా. ఘంటసాలలో పాత బౌద్ధ స్తూపం ఫోటో కింద "ఘంటసాల" అని రాశాను. నిజానికి ఆ రోజు ఆ ఇటికల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. చిన్నప్పుడు ఇటికల బట్టీలో చేశాను. వీటిని చేసినవాడికి కూడా సాయంత్రానికి నడుం పట్టేసి ఉంటుంది, వాడికీ ఇంటి దగ్గర ఎవరో వేణ్ణీళ్ళు పెట్టి ఉంటారు అనిపించింది. అదంతా ఎలా రాయాలో తెలియక ఊరి పేరు రాసి ఊరుకున్నాను.

మొన్న నాగాయలంక వెళ్ళాను. అక్కడ ప్రభావతి అక్క సుగుణ వదిన ఉంటుంది. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. మావాళ్ళలో ఎవరైనా పోతే, శవపెట్టె మూసేముందు అందరూ చుట్టూ నిలబడి ఆఖరి ఫోటో దిగుతారు. అప్పట్లో మేం గుడివాడలో ఉండేవాళ్ళం. అక్కణ్ణించి నాగాయలంక వెళ్ళేసరికి ఫోటో అయిపోయింది, పెట్టె మూసేశారు.

"అమ్మ పక్కన నన్ను లేకుండా చేసింది అక్క," అని ప్రభావతి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ ఫోటో వంక చూడనైనా లేదు.

నేను మాత్రం వెళ్ళొస్తూనే ఉన్నాను. ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు, ఇలాగే పోతారేమోనని నా బెంగ. ఏం చెప్పి కలపాలో నాకు రాదు. వదిన ఫోటో ఒకటి చూస్తే మా ఆవిడ మెత్తబడుతుందేమో అనుకున్నాను.

"నన్నెందుకు మరిదిగారూ, రేవులో లాంచీలకి తీసుకోండి. వాటికైతే కొత్తగా రంగేశారు," అంది వదిన. అంటూనే చీర సర్దుకుని కూర్చుంది.

ఎండకి రంగుల్లో సరిగ్గా రాలేదు. నలుపు తెలుపులోకి మారిస్తే మొహం మీద ప్రతి ముడతా తెలిసింది. అచ్చం మా అత్తగారు. ఇది చూస్తే ప్రభావతి రాకుండా ఉండలేదు అనుకున్నాను. అది మాత్రం రాయలేదు. కింద "సుగుణమ్మ, నాగాయలంక" అని, ఆ రోజు తారీకు వేసి గ్రూపులో పెట్టాను. ఫోను సంచిలో పడేసి రేవుకి వెళ్ళాను. అక్కడి లాంచీల మోతలో అది మోగినా వినపడదు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వదిన వాకిట్లో చేపలు కడుగుతోంది. ఇంతలో ఆటో వచ్చి ఆగింది. మోకాళ్ళ నొప్పులని గేటు దాకా రాని ప్రభావతి దాంట్లోంచి దిగి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! నన్నొదిలేసి పోయావా అక్కా!"

వదిన చేతిలో చేపతోనే లేచింది. "ఎవరే పోయింది?"

"నువ్వే!"

"నేనా? ఎప్పుడు?"

ఏడుపు ఆగిపోయింది. ప్రభావతి నా వైపు తిరిగింది.

అప్పుడు వెలిగింది నాకు. మావాళ్ళలో ఎవరైనా పోతే గ్రూపులో పెట్టేది అలాంటి ఫోటోనే. నలుపు తెలుపు మొహం, కింద పేరు, ఊరు, తారీకు.

"ఇంకో ముక్క రాస్తే మీ సొమ్మేం పోయిందండీ? బాగానే ఉంది అని రాయొచ్చుగా!"

"ఆయన్నెందుకంటావే," అంది వదిన. "నేను చచ్చాక గానీ నీకు రాబుద్ధి కాలేదు."

"బతికుండగా పిలిచావా?"

"చెల్లెలికి పిలుపులు కూడానా? లోపలికెళ్ళి మొహం కడుక్కో ముందు."

లోపలికి వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. కాసేపటికి, గోడకి వాళ్ళమ్మ ఆఖరి ఫోటో ఉన్న చోటి నుంచి మాట వినిపించింది.

"అక్కా, అమ్మ ఫోటోలో నువ్వు లేవేంటే?"

వదిన తల ఎత్తలేదు. "వెలుతురు పోతోందని ఫోటో తీసేవాడు గోల. నువ్వింకా రాలేదు. బస్టాండుకి వెళ్ళి నిలబడ్డాను. నువ్వేమో వేరే దారిన ఆటోలో వచ్చావు. నేను తిరిగొచ్చేసరికి నాకూ పెట్టె మూతే కనిపించింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పనిచ్చావా? అందరి ముందూ తిట్టి వెళ్ళిపోయావుగా."

ప్రభావతి బయటికొచ్చి అక్క పక్కన కూలబడింది. చేపల గిన్నె తన వైపు లాక్కుని, ఉప్పేసి రుద్దడం మొదలుపెట్టింది.

సంచిలో ఫోను మోగింది. వినీల. పెద్దమ్మమ్మ బాగానే ఉందని చెప్పాను. "అయ్యో తాతయ్యా! పెదపారుపూడి చుట్టాలు వ్యాను మాట్లాడుకుని బయల్దేరిపోయారు. చల్లపల్లి దాటేశారట. పూలదండ కూడా కొన్నారు!"

"ఫోన్ చేసి వెనక్కి వెళ్ళిపొమ్మనండి," అంది ప్రభావతి.

"రానివ్వవే," అంది వదిన. "నిజంగా పోయినప్పుడు వస్తే వాళ్ళని నేను చూస్తానా ఏంటి? మరిదిగారూ, ఈ చేపలు చాలవు. రేవుకి వెళ్ళి ఇంకా తీసుకురండి."

సంచి భుజానికి తగిలించుకున్నాను.

"ఆ ఫోను ఇలా ఇచ్చి వెళ్ళండి," అంది ప్రభావతి.