కొత్త పోర్టరు వేసే రంగు

ఆ వెయిటింగ్ రూమ్ లాంటి గదిలో మీరూ ఎప్పుడో కూర్చునే ఉంటారు. ఎత్తైన కప్పు, అరిగి నున్నబడ్డ చెక్క బెంచీలు, ఎప్పుడూ కాస్త ముందు నడిచే గడియారం. రైలు రాకపోతే విసుక్కుంటాం, వస్తే పరుగెడతాం. గోడల వంక చూసే తీరిక మనలో ఎవరికుంది?

ఒకమ్మాయికి ఉంది. ఇళ్లూ భవనాలూ గీయడం చదువుకుంటున్న ఆ పిల్లకు స్టేషన్ పోర్టర్లు పెట్టిన పేరు రైలుపిచ్చి. చిన్నతనంలోనే తండ్రి పోతే, అక్కడే మూటలు మోసే పెద్దనాన్న చేరదీశాడు. అక్షరాలు దిద్దింది ఆ బెంచీల మీదే. ఇప్పుడా స్టేషన్‌ను పడగొట్టి దుకాణాల సముదాయం కడతామంటున్నారు. చారిత్రక కట్టడంగా గుర్తిస్తే తప్ప అది నిలవదు. అందుకే ఆ పిల్ల కాలికి బలపం కట్టుకుని ఊరంతా తిరిగింది, కనపడ్డవాళ్లందరితో సంతకాలు పెట్టించింది.

ఒక్క విషయంలో మాత్రం పెద్దనాన్నతో ఆమెకు చుక్కెదురే. పోర్టర్లకో ఆనవాయితీ ఉంది. పనిలో చేరినవాడు మొదటి మూట ఎత్తకముందే, వెయిటింగ్ రూమ్ పడమటి గోడకు తన చేత్తో ఒక పూత రంగు వెయ్యాలి. ఎందుకో ఒక్కరికీ తెలియదు. పెద్దవాళ్లు వెయ్యమన్నారు, వేశాం, అంతే. వేస్తే నడుం పట్టెయ్యదని పెద్దనాన్న నమ్మకం.

"మీ నడుముల కోసం చరిత్రను పూడ్చేస్తున్నారు పెద్దనాన్నా" అని ఆమె తల పట్టుకునేది.

"నువ్వొక మూట ఎత్తి చూడు తల్లీ, చరిత్ర సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అని ఆయన నవ్వేవాడు.

గుర్తింపు సంగతి తేల్చే కమిటీ విచారణ ఆ గదిలోనే పెట్టారు. బెంచీలన్నీ నిండిపోయాయి. పోర్టర్లు కూడా ఓ వరుసలో కూర్చున్నారు. దుకాణాలు కట్టబోయే కాంట్రాక్టరు లేచి, పాత ఇటుకలూ పావురాల రెట్టా తప్ప ఇక్కడ దాచుకోవడానికి ఏముందో చెప్పమన్నాడు. జనం నవ్వారు. రైలుపిచ్చికి రోషం పొడుచుకొచ్చింది. ఇలాంటి గోడల మీద రంగు కింద పూలతీగల బొమ్మలుంటాయని ఆమె చదివింది. అసలు గోడ ఎంత అందంగా ఉంటుందో ఇప్పుడే చూపిస్తానంటూ గీకుడు రేకు తీసుకుని పడమటి గోడ దగ్గరికి నడిచింది.

"వద్దులే తల్లీ" అన్నాడు పెద్దనాన్న. "ఎంతమంది చేతులు పడ్డ రంగో అది."

ఆమె వినలేదు. నీలం ఊడింది, పసుపు ఊడింది, ఆకుపచ్చ పెచ్చులు పెచ్చులుగా రాలింది. అడుగున నల్లటి గీత కనపడేసరికి ఆమె గుండె ఎగిరి గంతేసింది. తీగే అనుకుంది. ఇంకా గీకి, తడిగుడ్డతో తుడిచింది.

తీగ కాదు. అక్షరాలు. సంబరంగా మొదటి రెండు మాటలూ పైకి చదివేసింది. మిగతాది గదిలో అందరూ ఎవరికి వారే చదువుకున్నారు.

మూటలు మోసేవారు ఈ గదిలో కూర్చోరాదు. కూర్చున్న బెంచీ వారిచేతనే కడిగించబడును.

ఆమె వెనక్కి తిరిగింది. అక్కడ చూసింది ఆమె జన్మలో మరచిపోలేదు. పోర్టర్లందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ లెమ్మనలేదు. ఆమెను భుజాన మోసి పెంచిన పెద్దనాన్న, తాను లేచిన సంగతి తనకే తెలియకుండా, తువ్వాలుతో బెంచీ తుడుస్తున్నాడు.



ముందు తేరుకున్నది కాంట్రాక్టరే. ఈ సిగ్గునేనా కాపాడమంటున్నది, ఇవాళే కూల్చెయ్యండి అన్నాడు. కమిటీ అధ్యక్షురాలు పాలిపోయిన ముఖంతో రైలుపిచ్చిని దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది, దీని మీద మళ్లీ రంగు వేయించేస్తే గుర్తింపు ఇప్పించే పూచీ తనదని. స్టేషన్ దక్కుతుంది. ఊ అంటే చాలు.

రైలుపిచ్చి పెద్దనాన్న వైపు చూసింది. ఆయన వంగి, రాలిన ఆకుపచ్చ పెచ్చొకటి అరచేతిలోకి తీసుకున్నాడు.

"మొదటి పూత వేసినవాడు ఎవడో గానీ, ఎంత ఉడికిపోయుంటాడో" అన్నాడు. "కొడుక్కి కూడా చెప్పుకోలేకపోయాడు. రంగు మాత్రం వేయించాడు."

అని వెళ్లి ఆ బెంచీ మీదే, ఈసారి వెనక్కి చేరబడి కూర్చున్నాడు. ఒక్కొక్కరుగా మిగతా పోర్టర్లూ కూర్చున్నారు.

అప్పుడామె అధ్యక్షురాలి వైపు తిరిగింది. "దీన్ని కప్పొద్దండీ. మిగతా రంగు గీకొద్దు కూడా. రాసినవాళ్లూ కనపడాలి, పూసినవాళ్లూ కనపడాలి. ఇలాగైతేనే గుర్తింపు ఇవ్వండి. దాచిపెట్టి ఇచ్చే గుర్తింపు మాకొద్దు."

కమిటీ చాలాసేపు తర్జనభర్జన పడింది. చివరికి అధ్యక్షురాలే ముందు చెయ్యెత్తింది. స్టేషన్ నిలిచింది. సగం అక్షరాలతో, సగం రంగుతో ఆ గోడ ఇప్పటికీ అలాగే ఉంది. కొత్త పోర్టరు ఎవరొచ్చినా ఇప్పుడు రంగు వేసేది రంగున్న సగం మీదే. ఎందుకు వేస్తున్నాడో తెలిసి మరీ వేస్తాడు.

పాత కట్టడాలను తప్పకుండా నిలబెట్టుకుందాం. కానీ వాటిలో ఒకప్పుడు ఎవరిని కూర్చోనివ్వలేదో తెలుసుకుని మరీ నిలబెట్టుకుందాం.