సుప్రాప్తికి పడని మందు

మెరాపి అగ్నిపర్వతం దిగువన ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ బల్లకు తలవైపు వేసిన స్టూలు సుప్రాప్తిది. పంతొమ్మిదేళ్లుగా మత్తు ఇస్తున్న నర్సు ఆవిడ. మొహం మీద మాస్కు ఆనించి, హాలోథేన్ అనే మత్తుమందు కొద్దికొద్దిగా వదులుతూ ఎంత మొండి మనిషినైనా ఇట్టే నిద్రపుచ్చేది. సర్జన్ హర్జోనో కత్తి పట్టుకుని ఆవిడ వంక చూసేవాడు. ఆవిడ తల ఊపితేనే కోత. ఆ ఒక్క చూపు కోసం ఆవిడ జ్వరంతో కూడా పనికి వచ్చిన రోజులున్నాయి.

ఆ చూపు రెత్నో పట్టుకుపోయింది.

జోగ్జా పట్నంలో చదువుకుని వచ్చిన పాతికేళ్ల పిల్ల రెత్నో. చెయ్యి పట్టుకుని పని నేర్పింది సుప్రాప్తే. ఒకరోజు హెర్నియా ఆపరేషన్ అయ్యాక డాక్టరు గ్లవ్స్ విప్పుతూ, "ఈ పిల్ల చెయ్యి భలే తేలిక, బు ప్రాప్తీ! రోగి అప్పుడే లేచి టీ అడుగుతున్నాడు" అన్నాడు. పెద్దవాళ్లను పిలిచినట్టు 'బు' అని మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే ఆవిడ ఒళ్లంతా మండించింది.

మర్నాటి నుంచి రెత్నోకి ఒక్క కేసు వదల్లేదు. "నువ్వు వెళ్లి సూదులు ఉడకబెట్టు" అనేది. పొద్దున్నుంచి మూడింటిదాకా స్టూలు మీద తనే. కిటికీలు మూసిన ఆ గదిలో మాస్కు సందుల్లోంచి వచ్చే మందు గాలంతా ఆవిడ ముక్కు కిందే తిరిగేది. ఆ తియ్యటి వాసనను ఆవిడ ఏనాడూ లెక్కచెయ్యలేదు.

మూడు వారాలకు చలిజ్వరం, వాంతులు. ఆపైన కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు కామెర్లన్నాడు, నెల రోజులు ఇల్లు కదలొద్దన్నాడు. భర్త సుగితో రోజూ తెములావాక్ దుంప కషాయం కాచి తాగించాడు. నెలకల్లా మనిషి కోలుకుంది.

తిరిగి వచ్చేసరికి స్టూలు మీద పూల గలీబు వేసిన మెత్త ఒకటి ఉంది. సుప్రాప్తి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి బయట బెంచీ మీద పడేసింది. నాలుగో రోజుకి మళ్లీ జ్వరం, మళ్లీ పచ్చకళ్లు. మళ్లీ సెలవు, మళ్లీ కషాయం. మూడోసారి పనిలోకి వెళితే రెండో రోజుకే మంచం పట్టింది.

"నీకున్నది కామెర్లు కాదే, ఆ పిల్ల మీద కుళ్లు" అన్నాడు సుగితో.

"నోర్ముయ్యండి. నేను మంచం మీదుంటే ఆవిడగారు అక్కడ ఏలుతోంది."

ఆ సాయంత్రమే రెత్నో సలాక్ పళ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చింది. పళ్లు మంచం పక్కన పెట్టి, మెల్లగా అంది:

"బు, కోప్పడకండి. ఇంట్లో ఉంటే మీకు తగ్గిపోతోంది. థియేటర్‌కి వస్తే తిరగబెడుతోంది, అదీ వచ్చిన ప్రతిసారీ ఇంకా తొందరగా. హాలోథేన్ మళ్లీ మళ్లీ ఇస్తే కొందరికి లివర్ చెడుతుందని మాకు చదువులో చెప్పారు. మీకా మందు పడట్లేదేమో."

"పంతొమ్మిదేళ్లు పడింది, నువ్వొచ్చాక పడకుండా పోయిందా?"

"అలా ఉన్నట్టుండి కూడా మొదలవుతుందట."

"డొంకతిరుగుడెందుకు? ఆ స్టూలు కావాలి నీకు. అవునా?"

రెత్నో మొహం ఎర్రబడింది. "కావాలి. కానీ మీరు చచ్చిపోయి కాదు" అని చరచరా వెళ్లిపోయింది.

ఆ మాట సుప్రాప్తిని నెల పొడుగునా తినేసింది. కళ్లు తెల్లబడగానే, ఆపరేషన్లు లేని ఒక ఆదివారం పొద్దున తాళం తీసుకుని థియేటర్లోకి వెళ్లింది. దూది మీద కాస్త హాలోథేన్ పోసి, స్టూలు మీదే కూర్చుని ఐదు నిమిషాలు పీల్చింది. 'నాకేమీ కాలేదని రేపు దాని మొహం మీద నవ్వుతా' అనుకుంది. ఇంటికి వచ్చి సోయాగింజల తెంపె ముక్కలు వేయించింది, భర్తకు వడ్డించింది. మధ్యాహ్నం రెండింటికి పళ్లు టకటకమని కొట్టుకోవడం మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా చలి తగ్గలేదు.

తను పీల్చడం ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండు రోజులు చెప్పలేదు కూడా. మూడో రోజు అద్దంలో పచ్చబడ్డ కళ్లు చూసుకుని, రిక్షా ఎక్కి నేరుగా డాక్టరు గదికి వెళ్లింది.

"ఆ పిల్ల చెప్పిందే నిజం డాక్టరుగారూ. పీల్చి చూశాను."

హర్జోనో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నీకు పిచ్చా? ఇంకొంచెం పీల్చి ఉంటే ప్రాణం పోయేది!"

"తిట్టండి. కానీ నేను ఒప్పుకున్నానని మాత్రం దానికి చెప్పకండి."

ఆయన ఆవిడను థియేటర్‌కి దూరంగా, ఆవరణ అవతలి కొసన ఉన్న పిల్లల టీకాల గదికి మార్చాడు. లివర్ కుదుటపడడానికి ఐదు నెలలు పట్టింది. కళ్లు మళ్లీ పచ్చబడలేదు.

ఒకరోజు రెత్నో ఒగరుస్తూ టీకాల గదికి వచ్చింది. గ్రహణమొర్రి పిల్లాడు, దవడ బాగా చిన్నది, ఊపిరి గొట్టం గొంతులోకి ఎలా వెయ్యాలో పాలుపోవడం లేదంది. సుప్రాప్తి టీకా పక్కనపెట్టి, తల ఎంత వంచాలో, వేలు ఎక్కడ ఆనించాలో తన దవడ మీదే చూపించింది. ఇంకా తను లేనిదే జరగని పని ఒకటుందని గంటసేపు హాయిగా ఉంది.

గంట తర్వాత రెత్నో తిరిగొచ్చింది. "మొదటిసారికే పడింది బు! డాక్టరుగారు భలే చేశావన్నారు."

"నేను చెప్పానని చెప్పావా?"

"చెప్పాను. అది కూడా విన్నారు."

"ఏమన్నారు?"

"నవ్వారు."

సుప్రాప్తి ఎదుట ఉన్న తల్లి ఒళ్లోని బిడ్డ చెయ్యి పట్టుకుని, సూది గుచ్చింది. బిడ్డ కెవ్వుమంది. నవ్వితే నవ్వారు, ఆ నవ్వు ఎవరి వంక చూసి నవ్వారో అడగాలని నోటిదాకా వచ్చింది, కానీ రెత్నో అప్పటికే ఆవరణ దాటిపోయింది.