రెండో డిమాండు

హోటలు వాళ్ళు వస్తున్నారని కబురు అందగానే మేస్త్రీ చేసిన మొదటి పని, ఇస్త్రీ అక్కను రోలరు దగ్గర్నుంచి లేపెయ్యడం.

చాటుమాటుగా కాదు, అందరూ చూస్తుండగానే చేశాడు. ఆ లాండ్రీలో ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ ఉతుకుతారు. ముందువైపు, వీధిలోకి కనబడేలా అద్దాల గది. ఉతికిన దుప్పటి అక్కడ వేడి రోలరు కింద ముడతలు పోయి, మడత పడి, దొంతరలో చేరుతుంది. వెనకాల మూటల గది. రోగులు పడుకున్న దుప్పట్లు నెత్తుటి మరకలతో, వాంతులతో మూటలుగా వచ్చి పడేది అక్కడే. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న రూలు ఎక్కడా రాసి లేదు. రాయక్కర్లేదు కూడా. ఒంటి రంగూ మొహం తీరూ చూస్తే మేస్త్రీకి ఎవర్ని ఎటు తోలాలో తెలిసిపోతుంది. ఇస్త్రీ అక్క నల్లటి మనిషి. ఆమె చెయ్యి పడితే దుప్పటి మీద ముడత నిలవదు గనక మామూలు రోజుల్లో ఆమెను ముందు గదిలో ఓర్చుకుంటారు. పైవాళ్ళు చూడవచ్చే రోజున ఆ ఓర్పు ఉండదు.

“లే, వెనక్కెళ్ళు. వాళ్ళొచ్చే టైమైంది,” అన్నాడు మేస్త్రీ.

“దుప్పటి సగంలో ఉంది. అయ్యాక వెళ్తా.”

“దుప్పటి సంగతి నేను చూసుకుంటాలే. నీ మొహం చూస్తే వాళ్ళకి ఉతికిన దుప్పటి కూడా మాసినట్టే కనబడుద్ది.”

రోలరు హోరులో కూడా ఆ మాట అందరికీ వినబడింది. ఒక్కరూ తలెత్తలేదు. అక్క దుప్పటి వదిలేసింది. మేస్త్రీ మూటల గది తలుపు తోసి కేకేశాడు.

“ఏయ్ చిన్నకళ్ళూ! చేతులు కడుక్కుని రా. ఇవాళ నీ డ్యూటీ ఇక్కడ.”

అలా పిలిపించుకున్నది మూటలావిడ. మూటలు విప్పి, దుప్పట్లు వేరు చేసి, మిషన్లలో వెయ్యడం ఆమె పని. తెల్లటి మనిషి. చిన్న కళ్ళు, చదును ముక్కు. చూడగానే ఎవరైనా “మీదే దేశం?” అని అడుగుతారు. ఆమె పుట్టింది ఆ లాండ్రీకి రెండు వీధుల అవతల. అయినా అడుగుతారు.

ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడ్డారు. లోపలికి పోతున్న అక్క మొహం చూసినప్పుడు మూటలావిడకు కడుపు చల్లబడినట్టు అనిపించింది. అవును, అనిపించింది. అది దాచిపెట్టి ఆమెను దేవతను చేస్తే ఈ కథ చెప్పుకోవడం దండగ.

ఎందుకనిపించిందో వినండి. జ్వరాల ఏడు ఊరంతా మంచం పట్టింది. ఆ జ్వరాన్ని చిన్నకళ్ళవాళ్ళే మోసుకొచ్చారని ఎవరో అన్నారు, అందరూ నమ్మారు. ఒకనాటి పొద్దున మూటలావిడ పనికొచ్చేసరికి లాండ్రీ జనం గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నారు. మేస్త్రీ బ్లీచింగు నీళ్ళ పిచికారీ తెచ్చి ఇస్త్రీ అక్క చేతిలో పెట్టాడు. అక్క కొట్టింది. నెత్తి మీంచి పాదాల దాకా, చీర తడిసి ఒంటికి అంటుకుపోయేదాకా కొట్టింది. “కళ్ళలో పడుద్దేమో చూడక్కా,” అన్నారెవరో. “ఆ కళ్ళలోకి చీమే దూరదు, నీళ్ళేం దూరతాయి?” అన్నాడు వ్యాను డ్రైవరు. అందరూ విరగబడి నవ్వారు.

జ్వరం పోయింది. నవ్వినవాళ్ళు మర్చిపోయారు. ఆమెవాళ్ళు అనుకున్నవాళ్ళంతా ఆ ఏడే సామాను సర్దుకుని తలో దిక్కుకూ పోయారు. ఆఖరుకి పిన్ని కూడా వెళ్ళిపోయింది. లాండ్రీలో సాయంత్రాలు అందరూ ఆరిన దుప్పట్లు మడవాలి. దుప్పటి మడవడానికి ఇద్దరుండాలి కదా, ఆమె రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. రమ్మని అడిగి చూసింది, తర్వాత అడగడం మానేసింది. గోడకు ఒక మేకు కొట్టుకుని, దానికి రెండు మూలలు తగిలించి, ఇటు చివర తను పట్టుకుని ఒంటిచేత్తో మడవడం నేర్చుకుంది. ఇవాళ్టికీ అలాగే మడుస్తుంది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అందరి మాటలూ ఆమెకు వినబడతాయి, ఆమెతో మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక బాయిలరు గదిలో మీటింగు పెట్టారు. యూనియన్ను నడిపేది బాయిలర్ అన్న. నిప్పు దగ్గర పనిచేసీ చేసీ గొంతు బొంగురుపోయిన మనిషి.

“ఇంతకాలం నోరు మూసుకున్నాం. ఇవాళ అక్క, రేపు మన పిల్లలు. అద్దాల గది అందరిదీ కావాలి. మేస్త్రీ అక్కకి అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. లేదంటే రేపు పొద్దున గేటు దగ్గరే కూర్చుంటాం. ఏమంటారు?”

“కూర్చుంటాం!” అన్నారందరూ.

తలుపు పక్కన నిలబడ్డ మూటలావిడ అప్పుడు నోరు విప్పింది. “నాదీ ఒకటుంది.”

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె వచ్చిందని అప్పటిదాకా చాలామందికి తెలియదు.

“నా మీద పిచికారీ కొట్టారు. ఇప్పటికీ నా పక్కన కూర్చోరు, నా పేరెట్టి పిలవరు. అదీ చెప్పండి మరి.”

గదిలో గుసగుసలు లేచాయి. “అదీ ఇదీ ఒకటేంటి?” “అప్పుడు జ్వరానికి భయపడ్డాం, అంతే. రంగు చూసి కాదుగా?”

“జ్వరం నాకు రాలేదు. మీలో సగం మందికొచ్చింది. వాళ్ళ మీద కొట్టలేదే?”

వ్యాను డ్రైవరు లేచాడు.

“నిన్ను రోడ్డు మీద పోలీసెప్పుడన్నా ఆపాడా? మా తమ్ముణ్ణి ఆపాడు. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి బూటు కాలితో తన్నాడు. ముందు పళ్ళు ఊడిపోయాయి వాడికి. వాడేం చేశాడని? నల్లగా పుట్టాడు. నీ మీద నీళ్ళు పడ్డాయి. ఆరిపోయాయి. మా వాడి పళ్ళు మళ్ళీ మొలుస్తాయా?”

ఆ తమ్ముణ్ణి మూటలావిడ ఎరుగును. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.

“ఒకటేనని నేననలేదు,” అంది మెల్లగా. “నాదీ ఉందన్నాను.”

యూనియన్ పనికి వచ్చే కాలేజీ పిల్ల కళ్ళజోడు సవరించుకుంది. “జాతి వివక్ష అంటే అధికారంలో ఉన్నవాళ్ళు చేసేదండీ. పనిలోకి తీసుకోవడం, తీసెయ్యడం, జైల్లో పెట్టడం, ఇవన్నీ వాళ్ళ చేతిలో ఉన్నాయి. తోటివాళ్ళ ఎగతాళి తప్పే. కాదనను. కానీ రెండింటినీ ఒకే గాటన కడితే యజమాని తప్పించుకుంటాడు.” ఆ పిల్ల చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. మూటలావిడకు మాత్రం ఆ తడి చీరతో సాయంత్రం దాకా పనిచేసిన రోజే గుర్తొస్తోంది.

“ముందు పెద్దది తేలనీ చెల్లీ,” అన్నాడు బాయిలర్ అన్న. “తర్వాత నీ సంగతి చూద్దాం.”

“తర్వాత అంటే ఎప్పుడన్నా?”

ఇస్త్రీ అక్క అప్పటిదాకా నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఇప్పుడు తలెత్తింది.

“కొట్టింది నేనే. కాదన్నానా? ఇవాళ నన్ను లేపి నిన్ను నిలబెడితే, నువ్వూ వచ్చి నిలబడ్డావుగా?”

“నన్నడిగి నిలబెట్టాడా?”

“మరి నన్నడిగి నా చేతికిచ్చాడా పిచికారీ? ఇచ్చింది మేస్త్రీ!”

“ఇచ్చింది మేస్త్రీ,” అంది మూటలావిడ. “నవ్వింది మీరు.”

బయటికొచ్చేసింది. ఎవరూ వెనక్కి పిలవలేదు.

మీటింగులో ఏం జరిగిందో మేస్త్రీకి ఎవరు మోశారో గానీ, ఆమె ఇల్లు చేరేలోపే వీధి మలుపులో ఎదురొచ్చాడు. ఎన్నడూ లేనిది “అమ్మా” అని పిలిచాడు.

“చూశావుగా వాళ్ళ సంగతి. నిన్ను మనిషిగా లెక్కేశారా ఎప్పుడన్నా? రేపు వాళ్ళు గేటు దగ్గర కూర్చుంటారు. నువ్వు పక్క తలుపులోంచి లోపలికొచ్చెయ్. అద్దాల గది నీకే. మళ్ళీ మూట ముట్టుకునే పనుండదు.”

ఆమె అతన్ని తప్పించుకుని నడిచింది. గదికొచ్చి దీపం వేసుకుని చాప మీద కూర్చుంది. ఒకరి పక్కకే సరిపోయే గది. ఎవరితోనైనా మాట్లాడాలని ప్రాణం కొట్టుకుంది. పిన్నికి ఫోన్ చేస్తే “వాళ్ళ గొడవల్లో నువ్వు తలదూర్చకు, లోపలికి పో” అంటుంది. ఆ సంగతి తెలుసు గనక చెయ్యలేదు. అన్నిటికంటే బాధేమిటంటే మేస్త్రీ చెప్పిన ప్రతి మాటా నిజమే. తన బాధను తనకు అర్థమయ్యేలా చెప్పిన మొదటి మనిషి వాడే అయ్యాడు. అది తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

కానీ పిచికారీ తెచ్చినవాడూ వాడే. అక్కను లేపినవాడూ, తనను చిన్నకళ్ళని కేకేసినవాడూ వాడే. వాడు చూపించిన తలుపులోంచి నడవడం ఆమెకు చేతకాదు. యూనియన్ జనం మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. ఆ రాత్రి ఆమెకు వాళ్ళెవరి మీదా ప్రేమ లేదు.

తెల్లవారి గేటు దగ్గరకు వెళ్ళింది. అందరూ వరసల్లో కూర్చున్నారు. ఆమె చివర, కాస్త ఎడంగా కూర్చుంది. “వచ్చిందే!” అన్నాడు డ్రైవరు పక్కవాడితో. అంతకుమించి పలకరింపు లేదు. నినాదాలు మొదలయ్యాయి. ఎండెక్కేసరికి పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఒక్కొక్కళ్ళనే రెక్క పట్టుకుని ఎక్కిస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ చివరికొచ్చి ఆమె మొహం చూసి ఆగాడు.

“నువ్వు ఇంటికి పోమ్మా. నువ్వు వీళ్ళ మనిషివి కాదుగా.”

నిన్న సాయంత్రం నుంచి అందరూ ఆమెకు చెబుతున్నది అదే. ఆమె లేచి, చీర దులుపుకుని, తనంతట తనే వ్యాను ఎక్కింది. లోపల ఎవరూ జరగలేదు. కమ్మీ పట్టుకుని నిలబడే వెళ్ళింది.

స్టేషను ఆవరణలో అందర్నీ నేల మీద కూర్చోబెట్టారు. కాసేపటికి యజమాని కారు దిగాడు. కోపంగా లేడు. నవ్వుతున్నాడు.

“డిమాండు ఒక్కటేనట కదా. చెప్పండి వింటాను.”

బాయిలర్ అన్న చెప్పాడు. అద్దాల గది అందరిదీ కావాలి, మేస్త్రీ అక్కకు క్షమాపణ చెప్పాలి, రెండూ కలిపి ఒకే డిమాండు. యజమాని ఓపిగ్గా విన్నాడు. విని, మూటలావిడ వైపు వేలు చూపించాడు.

“మరి ఈవిడ మీద బ్లీచింగు కొట్టిందెవరు? ఈవిణ్ణి వెలేసిందెవరు? మీరు! మీరా నాకు వివక్ష గురించి పాఠాలు చెప్పేది? ఏమ్మా, జరిగిందా లేదా? నీకేం భయం లేదు, చెప్పు.”

అందరి చూపూ ఆమె మీద పడింది. అన్న కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరైనా అడగాలని ఆమె ఎదురుచూసిన మాటే ఇది. తీరా అడిగినవాడు వీడు. అవునని ఊరుకుంటే సమ్మె ఇక్కడితో సరి. లేదంటే తనకు జరిగింది తన నోటితోనే జరగలేదని చెప్పినట్టు.

“జరిగింది,” అంది. “కానీ అది మీకు చెప్పుకునేది కాదు. మీ మేస్త్రీయే పిచికారీ తెచ్చాడు. ఆవేళ మీరు లాండ్రీ మేడ మీంచి చూస్తూనే ఉన్నారు.”

యజమాని నవ్వు తగ్గింది. అప్పుడు వెనక నుంచి ఇస్త్రీ అక్క లేచి నిలబడింది.

“మాకు రెండో డిమాండు కూడా ఉంది.”

“అక్కా, కూర్చో,” అన్నాడు డ్రైవరు. “ఇదా టైము? ఇక్కడా?”

“మరెక్కడరా? బాయిలరు గదిలో అడిగితే మనం విన్నామా?” అక్క యజమాని వైపు తిరిగింది. “రంగు చూసీ, కళ్ళు చూసీ మనుషుల్ని వెనక గదికి తోలడం ఆగాలి. మేస్త్రీ నాకు చెప్పాల్సినట్టే ఈమెకూ క్షమాపణ చెప్పాలి. ఈమెని పేరుతో పిలవాలి. ఇది నీతో తేలాల్సింది. ఇక పిచికారీ కొట్టింది నేను. అది మాతో తేలాల్సింది. మా మీటింగులో తేలుద్ది, ఈమె సరేనన్నప్పుడే తేలుద్ది. మధ్యలో నువ్వు తీర్పులు చెప్పక్కర్లేదు.”

బాయిలర్ అన్న గొంతు సవరించుకున్నాడు. అతనికి ఇష్టమై అన్నాడో, గత్యంతరం లేక అన్నాడో చెప్పలేం గానీ, “రెండు,” అన్నాడు. “డిమాండ్లు రెండు. రాసుకోండి.”

“వీళ్ళని లోపలెయ్యండి!” అన్నాడు యజమాని ఇన్‌స్పెక్టర్‌తో. “దీన్ని కూడా!”

లాకప్పులో, ఆడవాళ్ళ గదిలో మూటలావిడ ఒక గోడకీ, ఇస్త్రీ అక్క ఎదుటి గోడకీ ఆనుకుని కూర్చున్నారు.

“నన్ను క్షమించమని అడగాలని ఉంది,” అంది అక్క. “మొహం చెల్లడం లేదు.”

“అడగొద్దక్కా. అడిగినా ఇవ్వడానికి నా దగ్గర ఇంకా ఏమీ లేదు.”

అక్క తలూపింది. అలా అన్నందుకు మూటలావిడ గుండె తేలికేమీ కాలేదు. ఇంతమంది మధ్య కూర్చుని కూడా ఆమె ఒంటరిగానే ఉంది.

మధ్యాహ్నం దాటాక వీధిలో అలికిడి అయింది. రెండో షిఫ్టు జనం లాండ్రీకి పోకుండా నేరుగా స్టేషను ముందుకొచ్చారు. పొద్దున ఇక్కడ జరిగిందంతా, బయట నిలబడి చూసినవాళ్ళ నోట వాళ్ళకు అప్పటికే తెలిసిపోయింది. మొదటి నినాదం లేచింది.

“అద్దాల గది...”

“అందరిదీ!” అని లోపలి ఆడవాళ్ళు ఎలుగెత్తారు. మూటలావిడ కూడా లేచి ఊచలు పట్టుకుని, అక్కకు జరిగిన అవమానం కోసం, డ్రైవరు తమ్ముడి పళ్ళ కోసం, గొంతు చిరిగేలా అరిచింది. మళ్ళీ మళ్ళీ అరిచింది. ఊపిరి అందక ఆగింది.

అప్పుడు బయటివాళ్ళు రెండోది అందుకున్నారు. అందులో ఆమె పేరుంది. ఆమె అసలు పేరు. పక్కన అక్క అరుస్తోంది, కాలేజీ పిల్ల అరుస్తోంది. గోడ అవతల మగవాళ్ళ గదిలోంచి, కాస్త ఆలస్యంగానే అయినా, వ్యాను డ్రైవరు గొంతు వినబడింది. ఆ రెండో డిమాండు కోసం ఆమె నోరు విప్పాల్సిన అవసరం రాలేదు.