రెట్టింపు లాభం

ముసురు పట్టిన మధ్యాహ్నం, హన్మకొండ అంతా నిద్రమత్తులో ఉంది. శోభారాణి మిషన్ మీద సగం కుట్టిన జాకెట్ వదిలేసి ఫోన్ వైపే చూస్తోంది. ఇన్నేళ్లు జాకెట్లు కుట్టి కూడబెట్టినదంతా ఒక పత్తి విత్తనాల కంపెనీ షేర్లలో పెట్టింది. మూడు నెలల ఫలితాలు రాగానే రేటు లేస్తే అమ్మేసి, చౌరస్తాలో సొంత టైలరింగ్ షాపుకు అడ్వాన్స్ కట్టాలని ఆశ. రేటు పడిపోతే ఆ షాపు కలలోనే ఉండిపోతుంది.

ఫలితాలు వచ్చాయి.

"లాభం డబుల్ అయిందట!" భర్త కుమారస్వామి మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఇప్పుడే అమ్ముడెందుకు? ఇంకిన్ని కొందాం. రేపు ఇంకా పైకి పోతది."

"జర ఆగు" అంది శోభ.

ఆ మనిషి ఎప్పుడూ అంతే, పెద్ద అక్షరాలు చదివి చంకలు గుద్దుకుంటాడు. ఆమె మాత్రం కిందికి, ఇంకా కిందికి చదువుకుంటూ పోయింది. విత్తనాల అమ్మకాలు తగ్గాయి. మరి ఇంత లాభం ఎక్కడిది? చిన్న అక్షరాల్లో రాసి ఉంది. కంపెనీ తన స్థలం ఒకటి అమ్ముకుంది.

వాన చప్పుడులో అంకెలు మసకబారాయి. వాటి వెనక తొర్రూరు దగ్గరి తమ పత్తి చేను తెల్లగా తేలుతూ కనిపించింది. ఆ చేను అమ్మిన రోజు ఇంట్లో మాంసం కూర, పిల్లలకు కొత్త బట్టలు. చిన్నారి శోభ కొత్త గౌను వేసుకుని వాడంతా తిరిగింది. అంత సంతోషమైన రోజు మళ్లీ రాలేదు. ఇంటికి పత్తి కూడా మళ్లీ రాలేదు.

గడప దగ్గర తల్లి మల్లక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"అమ్మా, చేను అమ్మిననాడు గంత నవ్వుకుంట ఎట్ల వండినవే?"

మల్లక్క చెయ్యి ఆగింది. "మీరు బుగులు పడొద్దని నవ్విన బిడ్డా. పొయ్యి కాడ ఏడ్చిన. పొగకు అనుకున్నరు మీరు. ముద్ద నోట్లకు పోలే నాకు."

ఇన్నేళ్లూ శోభ కూడా పెద్ద అక్షరాలే చదివింది. ఫోన్ అందుకుని, రేటు ఎగురుతుండగానే షేర్లన్నీ అమ్మేసింది. కుమారస్వామి నెత్తి కొట్టుకున్నాడు.

మర్నాడు పొద్దునకల్లా మిగతావాళ్లూ కింది దాకా చదివినట్టున్నారు, రేటు జారిపోయింది. కుమారస్వామి సంచి చేతిలోకి తీసుకున్నాడు.

"షాపు ఖాయమాయె గద. మాంసం తేవాల్నా?"

శోభ తల్లి వైపు చూసింది.

"తే. ఈసారి నేను వండుత. అమ్మ కూసోని తింటది."