పెద్దల్లుడి మిషను

సోల్డరింగ్ కడ్డీ కొన తడిగుడ్డకు తుడిచి, రేడియో మెకానిక్ మళ్ళీ ఆ క్యాలిక్యులేటర్ మీదికి వంగాడు. వెనకమూత తీస్తే లోపల చొక్కా గుండీ అంత స్పీకరు. ఎంత పెంచినా దోమపాటే.

"మాట్లాడే మిషనట, మాట్లాడే మిషను!" అని పళ్ళు నూరాడు.

దాన్ని కొన్నది తోడల్లుడు. చూపు పోయిన మామగారికి, మీట నొక్కితే అంకె పైకి చెప్పే క్యాలిక్యులేటరు తెచ్చిచ్చి ఆ ఇంట్లో దేవుడైపోయాడు. బట్టల కొట్లో లెక్కలు చూసిన మనిషి కదా, మామగారు పొద్దస్తమానం ఏవో కూడికలు వేసుకుంటూ వచ్చినవాళ్ళందరికీ వినిపించేవారు. ఇప్పుడు చెవులూ మందగించాయి. "కాస్త గట్టిగా పలికేట్టు చేసిపెట్టు బాబూ" అని చిన్నల్లుణ్ణి అడిగారు. ఎవడి గొప్పకో తను బాకా ఊదాలన్నమాట!

అయినా చేతులు ఊరుకోవుగా. పాత రేడియోలోంచి ఊడదీసిన స్పీకరు, చిన్న యాంప్లిఫయర్ బోర్డు, బ్యాటరీలు ఒక చెక్కపెట్టెలో అమర్చాడు. గరగరమంది. అలాగే వదిలేస్తే సరి, వాడి మిషను పరువు పోతుంది అనిపించింది. చివరికి గొణుక్కుంటూ వైరు మార్చాడు.

మధ్యాహ్నం తీసుకెళ్ళి తగిలించాడు. మామగారు తడుముకుని ఒక మీట నొక్కారు.

"ఏడు!" అంది పెట్టె, గదంతా వినబడేలా.

ముసలాయన మొహం వెలిగిపోయింది. "విన్నావా, మా పెద్దల్లుడు తెచ్చిన మిషను ఎలా ఖంగుమంటోందో!" అన్నారు పక్కింటాయనతో.

చిన్నల్లుడు విసురుగా లేచాడు. "భోంచేసి వెళ్ళు బాబూ" అని మామగారు అంటున్నా వినిపించుకోకుండా చెప్పులేసుకుని వచ్చేశాడు. కొట్లో ఏ పనీ సాగలేదు.

సాయంత్రం భార్య ఫోను చేసింది. "నాన్న... కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడండీ."

తోడల్లుడు వచ్చేసరికి చీకటి పడింది. వసారాలో ఇద్దరే మిగిలారు.

"నీ మిషను లోపలుంది అన్నయ్యా, తీసుకెళ్తావా?" అన్నాడు మెకానిక్.

"నా మిషనా!" పెద్దల్లుడు కళ్ళు తుడుచుకున్నాడు. "మధ్యాహ్నం మావయ్య ఫోన్ చేసి ఒకటే నీ భజన. మా చిన్నల్లుడి చేతిలో ఏదో ఉందయ్యా అంటాడు, విను విను అని ఫోన్ దగ్గర పెట్టి నొక్కుతాడు. నేను కొన్న సంగతే ఎత్తలేదు. ఒళ్ళు మండి, పనుందని పెట్టేశాను తమ్ముడూ. అప్పటికింకా మాట్లాడుతూనే ఉన్నాడు."

మెకానిక్ తలుపులోంచి లోపలికి చూశాడు.

లోపల, ఖాళీ కుర్చీ పక్కన, చెక్కపెట్టెను ఎవరూ ఆపలేదు; దాని చిన్న ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.