పర్సనల్ ఫైళ్లు మాత్రమే

శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా కంప్యూటర్ అప్పగించమని చలపతిరావుగారు కబురు పెట్టారు. అమీర్‌పేటలో మూడో అంతస్తులో ఉన్న ఆ ఇన్‌స్టిట్యూట్‌కి ఆయన యజమాని. పద్నాలుగేళ్లుగా అక్కడ డేటాబేస్ పాఠాలు చెబుతున్నవాణ్ని నేను. సోమవారం నుంచి నా కుర్చీలో అభిలాష్ కూర్చుంటాడట. నాలుగేళ్ల కిందట నా దగ్గర నేర్చుకున్నవాడే.

"మీ పర్సనల్ ఫైళ్లు మాత్రమే తీసేయండి రవికాంత్ గారూ. పాఠాలు ముట్టుకోకండి, అవి ఇన్‌స్టిట్యూట్‌వి," అన్నారు ఆయన, విస్తరి ముందు వడ్డించేవాడంత మర్యాదగా.

పర్సనల్ పని పది నిమిషాల్లో అయిపోయింది. ఆధార్ కాపీ, యూసుఫ్‌గూడ ఇంటి అద్దె అగ్రిమెంటు, మా అమ్మాయి హైందవి హాల్ టికెట్, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు. నాది అనుకోదగ్గది అంతే. ఆరువందల పేజీల నోట్సు మాత్రం నాది కాదట. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద కూర్చుని అల్లుకున్న ఉదాహరణలు కూడా ఆయనవేనట. ఒళ్లు మండిపోయింది.

కాపీ తీసుకుందామంటే పెన్ డ్రైవ్ పెట్టే వీలు ఎప్పుడో తీసేశారు. మెయిల్ పంపితే ఆయనకు తెలిసిపోతుంది. వేరే కాపీ ఎక్కడా లేదు. నాకు దక్కనిది ఎవడికీ దక్కకూడదనిపించింది. మంచి బుద్ధి కాదని తెలుసు, అయినా ఫోల్డర్ మొత్తం డిలీట్ కొట్టి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. డిలీట్‌కి ముందు బ్యాకప్ తీసుకోండ్రా అని ప్రతి బ్యాచ్‌కీ మొదటిరోజే చెప్పేవాణ్ని. ఇన్నేళ్లకి నాకూ వెన్నెముక ఉందనిపించింది.

మెట్లు దిగితే పక్కనే ఐలయ్య జిరాక్స్ షాపు. అమీర్‌పేటలో ఏ సార్ ఏ పాఠం చెప్పినా, కోర్సు పూర్తయ్యేసరికి ఎవరో ఒక స్టూడెంట్ రాసుకున్న నోట్సు స్పైరల్ బైండింగ్ వేసుకుని ఇలాంటి షాపుల్లో అమ్మకానికి వస్తుంది. అది తెలియని ట్రైనర్ ఉండడు. నాకూ తెలుసు. కోపంలో మర్చిపోయాను.

షాపు ముందు అభిలాష్ నిలబడి ఉన్నాడు, చేతిలో లావుపాటి పుస్తకంతో. నన్ను చూసి వెనక్కి దాచబోయాడు. లాక్కుని తిప్పి చూశాను. ఎవరో అమ్మాయి గుండ్రటి రాత. అన్నీ నా మాటలే, పొల్లు పోలేదు. నేను వేసిన జోకు కూడా రాసుకుని, పక్కన 'అందరూ నవ్వారు' అని పెట్టుకుంది. నా పేరు మాత్రం ఎక్కడా లేదు.

"చలపతిరావు సారే కొనుక్కొమ్మన్నడు సార్," అన్నాడు అభిలాష్ తల దించుకుని. "కంప్యూటర్ల ఉన్నయి ఉంటయో పోతయో, ఐలయ్య దగ్గరియి మాత్రం పోవు అన్నడు."

నేను చేయబోయేది నాకంటే ముందే ఆయనకు తెలుసన్నమాట. మీ నోట్సుకు మస్తు గిరాకీ అని ఐలయ్య అభిమానంగా చెప్పుకొచ్చాడు. ఆ పాఠాలు ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి, నా దగ్గర తప్ప.

పుస్తకం వాడి చేతిలో పెట్టి కదిలాను.

"సార్, జర గిది ఒక్కటి," అంటూ పేజీ తెరిచాడు. డేటాబేస్‌లో రెండు టేబుళ్లు కలిపే లెక్క బోధపడలేదట. తెలియదని వెళ్లిపోవచ్చు. వెళ్లిపోవాలి కూడా. ఈ నోరుంది చూశారూ, అది ఊరుకోలేదు. మెట్రో స్తంభం పక్కన, ఆటోల హారన్ల మధ్య, ఇరవై నిమిషాలు నిలబడి చెప్పాను. ఆ అమ్మాయి రాతలో ఒక తప్పుంటే అదీ దిద్దాను. అభిలాష్ పెన్ను తీసి అంతా మార్జిన్‌లో రాసుకున్నాడు.

ఐలయ్య మిషన్ ఆపి చెయ్యి చాచాడు.

"ఆ పేజీ ఇటియ్యి తమ్మీ, కొత్త కాపీలల్ల గిది సుత పెడుత."