రోబో ఎడమ కాలు

మా ఆయన దేవసహాయానికి గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఇతరుల తప్పులు పట్టడమే ఆయన పని. ఆ పనిని గేటు దగ్గరే వదిలేసి వస్తే నాకేం బాధ లేదు. ఇంటికి తెస్తాడు. పాల ప్యాకెట్ మీద తేదీ చదవనిదే టీ తాగడు. పెళ్లయిన కొత్తలో ఎంత జాగ్రత్త గల మనిషో అని మురిసిపోయాను. ఆ మురిపెం ఏడాది కూడా నిలవలేదు.

మా అమ్మాయి గ్లోరియాకు పదకొండేళ్లు. బొమ్మలు ఎలా ఉన్నాయో చెబుతూ యూట్యూబులో వీడియోలు పెడుతుంది. పెట్టినవి మూడే. కీ ఇస్తే నడిచే కోడి, చర్చిలో బహుమతిగా వచ్చిన పజిల్, ఇక బొమ్మలు దొరక్క మా కుక్కర్ విజిల్. ఆ మూడోది చూసి క్లాసు పిల్లలంతా దీన్ని ‘విజిల్’ అని పిలవడం మొదలుపెట్టారు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

పటాన్‌చెరులో బొమ్మల దుకాణం నడిపే బాపిరాజు గారు ఈ సంగతి విని జాలిపడ్డారు. కొత్తగా వచ్చిన రోబో పెట్టె దాని చేతిలో పెట్టారు. “ఆదివారం సాయంత్రం అయిదింటికల్లా తిరిగి ఇచ్చెయ్యాలమ్మా. అన్నీ కలిపి నిలబెట్టి చూపించావంటే, నీ వీడియో మా షాపు టీవీలో రోజంతా వేస్తాను” అన్నారు. గ్లోరియా మర్నాడే క్లాసులో అందరికీ చెప్పేసింది. ఇక ఆ వీడియో రాకపోతే దాని పరువు దక్కదు.

పెట్టెలో అయిదు బండ్లున్నాయి. క్రేన్, ట్యాంకర్, ఫైరింజన్, అంబులెన్స్, రోడ్ రోలర్. ఒక్కో బండిని మడతపెడితే ఒక్కో చిన్న రోబో అవుతుంది. అయిదింటినీ కలిపితే పెద్ద రోబో అవుతుంది.

శనివారం డ్యూటీ నుంచి వచ్చి, “జెర నేనొకసారి సూస్త” అంటూ మా ఆయన పెట్టె పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. పావుగంటకు బయటికి వచ్చి “ఓకే” అన్నాడు. ఆయన నోట ఓకే రావడమే గొప్పని తల్లీకూతుళ్లం సంబరపడ్డాం. పెట్టె తెరిచి చూసుకోకపోవడం నా బుద్ధి తక్కువ.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక మూడింటికి గ్లోరియా ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి మొదలుపెట్టింది.

“హాయ్ ఫ్రెండ్స్! క్రేన్ మస్తు గట్టిగున్నది. ఫైరింజన్ మడతపెట్టేటప్పుడు ఏలు ఇరుకుతది, పైలం. అంబులెన్స్ డోరు తెరుసుకుంటలేదు, గందుకే ఒక మార్కు కట్. ఇగ అన్ని కలుపుదాం!”

ట్యాంకర్ ఛాతీ అయింది. క్రేన్, అంబులెన్స్ చేతులయ్యాయి. ఫైరింజన్ కుడి కాలయింది. ఎడమ కాలు లేదు. గ్లోరియా పెట్టెలో వెతికింది, నేను మంచం కింద వెతికాను.

“డాడీ, రోడ్ రోలర్ ఏది?”

“కంట్రోల్ శాంపిల్” అన్నాడు ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

వాళ్ల ఫ్యాక్టరీలో తయారైన ప్రతి మందులోంచీ కొంచెం తీసి, సీలు వేసి దాచిపెడతారట. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే దానితో పోల్చి చూడటానికి. ఈయన రోబో కాలు తీసి కవర్లో పెట్టి, టేపు చుట్టి, సంతకం చేసి, గోడ అల్మారాలో దాచి తాళం వేశాడు.

“ఉన్నదే ఒక్క బొమ్మ! దాని కాలు ఇరగ్గొట్టి దాసిపెట్టి, దేనితోని పోలుస్తవయ్యా? ఇంకో కాలుతోనా?” అన్నాను.

“ఇరగ్గొట్టలే. సీల్ చేసిన.”

“తాళంచెవి ఏది?”

“నర్సింగ్ తాన. సంతకం ఒకలది, తాళం ఒకలది. అట్లనే ఉండాలె.”

నర్సింగ్ మా పై పోర్షన్‌లో ఉంటాడు, అదే ఫ్యాక్టరీ. రెండింటికే షిఫ్టుకు వెళ్లిపోయాడు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు.

గ్లోరియా ఒంటికాలి రోబోను ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టింది. పడిపోయింది. మళ్లీ నిలబెట్టింది. మళ్లీ పడింది. ఏడవలేదు. “రేపు నేను బడికి పోను మమ్మీ” అంది మెల్లగా.

స్క్రూడ్రైవర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. “తాళం జోలికి పోకు. గడియ ఊడదియ్యి.”

“అట్ల ప్రొసీజర్ల లేదు...”

“నీ ప్రొసీజర్ల మన్నువడ. పిల్ల మొహం సూడు.”

చూశాడు. వెళ్లి గడియ స్క్రూలు నాలుగూ విప్పాడు. టేపు మీది తన సంతకాన్ని తనే కత్తిరించాడు. కాలు తెచ్చి బిగించాడు. రోబో ఏ డబ్బా ఆసరా లేకుండా నిలబడింది. అప్పటికి నాలుగుంబావు.

గ్లోరియా ఫోన్ తీసి ఆయన మొహానికి ఎదురుగా పెట్టింది. “కాలు ఎందుకు లేటయిందో ఫ్రెండ్స్‌కు చెప్పు డాడీ.”

ఫ్యాక్టరీలో ఏం చెడిపోయినా కారణం అన్నచోట ఈయన రాసేది ఎవరో ఒక ఆపరేటర్ పేరే. ఆ ఆపరేటర్ల భార్యలు కూరగాయల దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకుంటారు. ఇప్పుడు నర్సింగ్ పేరు చెబుతాడనుకున్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “తప్పు నాది. బొమ్మది గాదు, నర్సింగ్‌ది గాదు. బుద్ధిలేక నేనే దాసిన” అన్నాడు.

గ్లోరియా ఫోన్ దించింది. “పోనీ తీ డాడీ. గీ ముచ్చట కట్ చేస్త.”

“వద్దు బిడ్డా. మా తాన తప్పు రాస్తే చెరపరు. మీద ఒక్క గీత కొడ్తరు. కింద ఏమున్నదో కనవడాలె.”

అయిదుకు పది నిమిషాల ముందు ఆయనే కూతురిని బండి మీద ఎక్కించుకుని దుకాణానికి వెళ్లి బొమ్మ అప్పగించి వచ్చాడు.

గ్లోరియా ఆ రోబోకు అయిదుకు నాలుగు మార్కులిచ్చింది. బాపిరాజు గారు మాట నిలబెట్టుకున్నారు, వీడియో రోజంతా తిరుగుతోంది. నాకు బొమ్మలతో పనిలేదు. అయినా కూరగాయలకు వెళ్లినప్పుడల్లా ఆ దుకాణం ముందు సంచీ కింద పెట్టి కాసేపు నిలబడతాను. పద్నాలుగేళ్ల కాపురంలో ‘తప్పు నాది’ అన్న మాట నేను ఇంట్లో విన్నది ఒక్కసారే. అక్కడైతే పది నిమిషాలకోసారి వినిపిస్తుంది.